ఒక సీఎస్‌ఈ విద్యార్థి నాలుగు అభిప్రాయాలు: మన పిల్లలకు పనికొచ్చేవి ఏవి?



పేరెంట్-టీచర్ మీటింగ్‌లో మేము ఎక్కువగా వినే మాటలు రెండున్నాయి. మొదటిది, "ఎప్పుడు చూసినా ఫోన్లో గేమ్సే మేడమ్, మీరైనా కాస్త చెప్పండి." రెండోది, "ఎలాగైనా సీఎస్‌ఈలో చేర్పించాలి మేడమ్." చాలాసార్లు ఈ రెండు మాటలూ ఒకే తల్లిదండ్రుల నుంచి ఐదు నిమిషాల తేడాలో వస్తాయి. పక్కనే నిలబడి పిల్లలు రెండూ వింటారు. కంప్యూటర్ అనేది ఇంట్లో తిట్లు తెచ్చే వస్తువో, రేపు ఉద్యోగం తెచ్చే వస్తువో వాళ్లకు తేలదు. దాంతో దాని గురించి మనతో మాట్లాడటమే మానేస్తారు. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. ఎందుకంటే పిల్లలు స్క్రీన్ మీద ఏం చేస్తున్నారో మనకు తెలియకుండానే ఫీజులు కడతాం, ల్యాప్‌టాప్ కొంటాం, చివరికి ఇంటర్ తర్వాత బ్రాంచ్ కూడా ఎంచేస్తాం.

మా తమ్ముడు బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాడు. వాడి వయసు పిల్లలందరిలాగే వాడికీ కోడింగ్, కంప్యూటర్లు, గేమ్స్, సినిమాల మీద గట్టి అభిప్రాయాలున్నాయి. కొన్నింట్లో వాడితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, కొన్నింట్లో టీచర్‌గా ఒప్పుకోను. ఆరు నుంచి పదో తరగతి వరకు చదివే పిల్లలున్న ఇళ్లకు ఆ నాలుగు అభిప్రాయాలూ పనికొస్తాయనిపించి, ఒక్కొక్కటిగా ఇక్కడ వివరిస్తున్నాను.

1. "ఏ లాంగ్వేజ్ అన్నది ముఖ్యం కాదక్కా, ఆలోచన ముఖ్యం"

చాలామంది పేరెంట్స్ అడిగే మొదటి ప్రశ్న, "పిల్లలకు జావా నేర్పించాలా, పైథాన్ నేర్పించాలా?" ప్రోగ్రామింగ్ అంటే ఏమిటో తెలిస్తే ఈ ప్రశ్న చాలా చిన్నదైపోతుంది. ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఎక్కడా అనుమానానికి చోటివ్వకుండా చెప్పడమే ప్రోగ్రామింగ్.

మనందరి ఇంటికీ వచ్చే కరెంటు బిల్లునే తీసుకుందాం. బిల్లు స్లాబుల ప్రకారం వస్తుంది. లెక్క సులువుగా ఉండటానికి ఇలా అనుకుందాం: మొదటి 50 యూనిట్లకు యూనిట్‌కు 2 రూపాయలు, తర్వాతి 50 యూనిట్లకు 3 రూపాయలు, 100 దాటిన వాటికి 5 రూపాయలు. 120 యూనిట్లు కాలితే బిల్లు ఎంత? 50 యూనిట్లకు 100 రూపాయలు, తర్వాతి 50కి 150, మిగిలిన 20కి 100. మొత్తం 350 రూపాయలు.

ఇదే లెక్కను కంప్యూటర్‌తో చేయించమంటే పిల్లలు మొదటిసారి సాధారణంగా ఇలా రాస్తారు: "యూనిట్లు 100 దాటితే, యూనిట్లను 5తో గుణించు." బిల్లు 600 వస్తుంది. ఇక్కడ కంప్యూటర్ తప్పు చేయలేదు, చెప్పింది చెప్పినట్టే చేసింది. చెప్పడంలోనే తేడా ఉంది. ఆ తేడా ఎక్కడుందో వెతికి సరిచేయడాన్ని డీబగ్గింగ్ అంటారు. సరిచేశాక కూడా పని అయిపోదు. సరిగ్గా 100 యూనిట్లు వస్తే? సున్నా వస్తే? పొరపాటున ఎవరైనా మైనస్ అంకె వేస్తే? ఇలా అంచుల దగ్గర పరీక్షించి చూసే పిల్లలు ప్రోగ్రామర్‌లా ఆలోచిస్తున్నారని అర్థం. వాళ్లు ఆ లెక్కను కాగితం మీద తెలుగులో రాసినా సరే.

కాబట్టి "ఆలోచన ముఖ్యం" అన్న తమ్ముడి మాట నిజమే. కానీ మొదలుపెట్టేవాళ్లకు లాంగ్వేజ్ కూడా కొంత ముఖ్యమే అంటాను నేను. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన స్క్రాచ్‌ను ప్రధానంగా 8 నుంచి 16 ఏళ్ల పిల్లల కోసం తయారు చేశారు. అది పూర్తిగా ఉచితం. అందులో ఆదేశాలు రంగురంగుల బ్లాకుల్లా ఉంటాయి, వాటిని ఒకదానికొకటి తగిలించాలి. ఒక కామా మరచిపోయినందుకు ప్రోగ్రామ్ ఆగిపోయే బాధ ఉండదు. అందుకే పిల్లల ధ్యాస స్పెల్లింగ్ మీద కాకుండా ఆలోచన మీద నిలుస్తుంది. స్క్రాచ్‌లో చేయి తిరిగాక పైథాన్‌కు వెళ్లవచ్చు. 1991లో గైడో వాన్ రోసమ్ విడుదల చేసిన ఈ లాంగ్వేజ్‌కు ఆ పేరు పాముని చూసి పెట్టలేదు, మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ కామెడీ షో నుంచి వచ్చింది. ఈ సంగతి పిల్లలకు చెప్పండి, నవ్వుకుంటారు. సీబీఎస్‌ఈ 11, 12 తరగతుల కంప్యూటర్ సైన్స్‌లో ఇప్పుడు నేర్పేది పైథానే. బెల్ ల్యాబ్స్‌లో 1970ల మొదట్లో డెనిస్ రిచీ తయారు చేసిన సీ లాంగ్వేజ్ ఇంజనీరింగ్‌లో ఎలాగూ వస్తుంది. దానికోసం ఏడో తరగతిలోనే తొందర పడనక్కర్లేదు.

జాతీయ విద్యా విధానం 2020లో మిడిల్ స్కూల్ స్థాయి నుంచి కోడింగ్ కార్యకలాపాలు ఉండాలని రాశారు. ఆ తర్వాత బయట కోచింగ్ ప్రకటనలు బాగా పెరిగాయి. మీరు ఏదైనా కోడింగ్ క్లాసుకు డబ్బు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. కోర్సు అయ్యాక పిల్లలు టీచర్ సాయం లేకుండా సొంతంగా ఏం చేయగలుగుతారు? చూపించే ప్రాజెక్టు అందరికీ ఒకటేనా, ఎవరిది వాళ్లదా? తప్పు వచ్చినప్పుడు టీచర్ సరిచేసి ఇస్తారా, పిల్లలతోనే వెతికిస్తారా? మూడో ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఆ క్లాసు ఎలాంటిదో తెలిసిపోతుంది.

ఏఐ గురించి తమ్ముడు అనే ఒక మాట నాకు బాగా నచ్చింది. "కోడ్ ఏఐతో రాయించుకోవచ్చక్కా, కానీ అది రాసింది చదివి అర్థం చేసుకోలేకపోతే నాకూ దానికీ మధ్య నేనెందుకు?" హోంవర్క్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. ఏఐ ఇచ్చిన జవాబును మీ పిల్లలు సొంత మాటల్లో మీకు వివరించగలిగితే సరే. వివరించలేకపోతే అది కాపీయే.

2. "స్కూల్ పిల్లలకు గేమింగ్ ల్యాప్‌టాప్ ఎందుకక్కా, దండగ"

గేమింగ్ ల్యాప్‌టాపే వాడే మనిషి నోట ఈ మాట విని నేనే ఆశ్చర్యపోయాను. కానీ వాడు చెప్పిన కారణాలు సరైనవే.

ల్యాప్‌టాప్ షాపులో మనకు వినిపించే నాలుగు పదాలను ఇంటి భాషలో చెప్పుకుందాం. ప్రాసెసర్ అంటే పని చేసే మనిషి. ర్యామ్ అంటే ఆ మనిషి ముందున్న బల్ల. బల్ల పెద్దదైతే ఒకేసారి ఎక్కువ పుస్తకాలు తెరిచి పెట్టుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీ అంటే వెనకున్న బీరువా. పాత హార్డ్ డిస్క్ కంటే దీంట్లోంచి వస్తువులు చాలా వేగంగా తీయొచ్చు. నాలుగోది గ్రాఫిక్స్ కార్డ్. అసలు ఖర్చు పెంచేది ఇదే.

గ్రాఫిక్స్ కార్డ్ పనేమిటి? ఒక ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. మొత్తం 20,73,600 చుక్కలు. గేమ్ బొమ్మ సెకనుకు 60 సార్లు మారితే సెకనుకు 12 కోట్లకు పైగా చుక్కల రంగు లెక్కగట్టాలి. ఈ పనిని పెళ్లి భోజనాలతో పోల్చవచ్చు. వంట మాస్టర్ ఎంత గొప్పవాడైనా ఒక్కడే వెయ్యి మందికి వడ్డించలేడు. వడ్డనకు గొప్ప నైపుణ్యం అక్కర్లేదు, కానీ ఒకేసారి చాలామంది కావాలి. ప్రాసెసర్ వంట మాస్టర్ అయితే, గ్రాఫిక్స్ కార్డ్ వడ్డించేవాళ్ల బృందం. అందులో చిన్న చిన్న లెక్కలు వేసే భాగాలు వందలు, వేలల్లో ఉండి అన్నీ ఒకేసారి పని చేస్తాయి.

ఈ గ్రాఫిక్స్ కార్డుల కథ తెలిస్తే గేమ్స్ మీద మన చిన్నచూపు కొంత తగ్గుతుంది. 1999లో ఎన్విడియా కంపెనీ జీఫోర్స్ 256 కార్డును జీపీయూ అనే పేరుతో అమ్మింది, అది గేమ్స్ కోసమే. 2012లో టొరంటో యూనివర్సిటీ పరిశోధకులు అలెక్స్‌నెట్ అనే ప్రోగ్రామ్‌కు ఫొటోల్లోని వస్తువులను గుర్తుపట్టడం నేర్పించారు. దానికి వాడింది మామూలుగా గేమ్స్ ఆడుకునే రెండు గ్రాఫిక్స్ కార్డులనే. ఏఐకి కూడా ఒకేసారి లక్షల చిన్న లెక్కలే కావాలి కనుక వడ్డనకు వచ్చిన బృందం అక్కడా పనికొచ్చింది. ఈ రోజు మనం వింటున్న ఏఐ వెనక గేమ్స్ ఆడిన పిల్లలు కొన్న కార్డుల మార్కెట్ కూడా ఉంది.

అయితే స్క్రాచ్‌కూ పైథాన్‌కూ ఆ కార్డు అవసరం లేదు. ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ పదో తరగతి దాకా హాయిగా సరిపోతుంది. ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే దాని హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించండి, కొత్తదానిలా పనిచేస్తుంది. 1969లో మనుషులను చంద్రుడి మీదకు తీసుకెళ్లిన అపోలో కంప్యూటర్‌లో ర్యామ్ దాదాపు 4 కేబీ మాత్రమే. మన జేబులోని అతి చవక స్మార్ట్‌ఫోన్ కూడా దానికంటే లక్షల రెట్లు పెద్దది. "మంచి కంప్యూటర్ లేక నేర్చుకోలేకపోతున్నా" అని మీ పిల్లలు అంటే ఈ సంగతి చెప్పండి. ఫోన్‌లో నేర్చుకోవచ్చా అని కొందరు అడుగుతారు. చూడటానికి సరే కానీ, రాయడానికి కీబోర్డు కావాలి.

3. "గేమ్స్ అన్నీ ఒకటి కాదక్కా"

మనకు దూరం నుంచి చూస్తే అన్నీ ఒకలాగే కనిపిస్తాయి. పిల్లలు తల వంచుకుని వేళ్లు ఆడిస్తుంటారు, అంతే. దగ్గర నుంచి చూస్తే కనీసం నాలుగు రకాలున్నాయి.

మొదటి రకం, ఆలోచింపజేసేవి: చెస్, పజిల్స్, సుడోకు వంటివి. రెండో రకం, కట్టేవి. మైన్‌క్రాఫ్ట్ ఈ కోవలోకి వస్తుంది. అందులో రెడ్‌స్టోన్ అనే పదార్థంతో పిల్లలు స్విచ్చులు, ఆటోమేటిక్ తలుపులు తయారు చేస్తారు. ఫిజిక్స్‌లో, ఇంజనీరింగ్‌లో చదివే లాజిక్ గేట్లు అక్కడ ఆటలోనే పరిచయమవుతాయి. మూడో రకం, పోటీపడేవి: ఒక మ్యాప్‌లోకి వంద మంది దిగి చివరికి ఒక జట్టు మిగిలే బ్యాటిల్ రాయల్ ఆటలు. వీటిలో చురుకుదనం, జట్టుగా మాట్లాడుకోవడం ఉంటాయి, కానీ "ఇంకొక్క మ్యాచ్" అనే లాగుడూ బలంగా ఉంటుంది. నాలుగో రకం, డబ్బు చుట్టూ తిరిగేవి.

ఈ నాలుగో రకం గురించి స్పష్టంగా తెలుసుకోవాలి. డబ్బు పందెంగా పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో పార్లమెంటు కూడా దేశమంతటికీ వర్తించేలా డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. కానీ పందెం లేని ఆటల్లో కూడా డబ్బు ఇంకో దారిలో వెళ్తుంది. కొత్త డ్రెస్, కొత్త తుపాకీ రంగు, లేదా లోపల ఏముందో తెరిచేదాకా తెలియని పెట్టె. ఆ పెట్టెలో ఈసారి మంచిది రాకపోతే వచ్చేసారి వస్తుందేమో అనిపిస్తుంది. ఎప్పుడొస్తుందో తెలియని బహుమతికే మనసు ఎక్కువగా అతుక్కుంటుంది. తయారు చేసేవాళ్లకు అది తెలుసు, మన పిల్లలకే తెలియదు. అందుకే మీ యూపీఐ పిన్, కార్డు వివరాలు పిల్లల చేతిలోని ఫోన్‌లో ఉండకూడదు. ప్లే స్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టడానికి రెండు నిమిషాలు చాలు.

అదే ప్లే స్టోర్‌లో ప్రతి గేమ్‌కూ 3+, 7+, 12+, 16+, 18+ అని వయసు గుర్తు ఉంటుంది. సినిమాకు ఏ సర్టిఫికెట్ అని చూసే మనం గేమ్‌కు మాత్రం చూడం. ఏడో తరగతి పిల్లలు "జీటీఏ 5" గురించి క్లాసులో మాట్లాడుకుంటుంటారు. అది 18 ఏళ్లు దాటినవాళ్ల కోసం తయారైన ఆట.

ఇప్పుడు తమ్ముడితో నేను ఒప్పుకోని విషయానికి వస్తాను. "గేమ్స్ ఆడటం వల్లే నాకు కోడింగ్ వచ్చింది" అంటాడు వాడు. పదేళ్లు బిర్యానీ తిన్నంత మాత్రాన బిర్యానీ వండటం రాదు కదా! గేమ్స్ వాడిలో కుతూహలం పుట్టించాయి, అది నిజం. "ఇది ఎలా పని చేస్తోంది?" అని వాడు ఒకరోజు అడగబట్టి కోడింగ్ వచ్చింది. ఆ ప్రశ్న అడగకుండా ఆడుతూనే ఉన్న స్నేహితులు వాడికి చాలామంది ఉన్నారు.

ఆ ప్రశ్నకు జవాబు మీకూ తెలిస్తే మంచిది. లోపల చూస్తే గేమ్ ఒక చక్రం. ఆటగాడు ఏ బటన్ నొక్కాడో చూడు, దాన్ని బట్టి అన్నింటి స్థానాలూ మార్చు, కొత్త బొమ్మ గీయి, మళ్లీ మొదటికి రా. ఇది సెకనుకు 60 సార్లు జరగాలి. అంటే ఒక చుట్టుకు దొరికే సమయం దాదాపు 16 మిల్లీసెకన్లు. బంతి గోడకు తగిలి వెనక్కి రావాలంటే కోణాలు తెలియాలి, మనిషి ఎగిరి కింద పడాలంటే గురుత్వాకర్షణ తెలియాలి. తొమ్మిదో తరగతి ఫిజిక్స్ బోర్ అనే పిల్లలకు స్క్రాచ్‌లో ఒక బంతిని ఎగరేయమని చెప్పి చూడండి.

ఆట నుంచి పని పుట్టిన ఉదాహరణలు కంప్యూటర్ చరిత్రలో ఉన్నాయి. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ స్పేస్ ట్రావెల్ అనే తన గేమ్‌ను ఒక పాత పీడీపీ-7 కంప్యూటర్ మీద నడపాలనుకున్నాడు. ఆ ప్రయత్నమే యునిక్స్ పుట్టుకకు దారి తీసింది. ఇంకొకరు డెమిస్ హసాబిస్. చిన్నప్పుడు చెస్‌లో మెరిసిన పిల్లవాడు. పదిహేడేళ్ల వయసులో థీమ్ పార్క్ అనే గేమ్ తయారీలో పాలుపంచుకున్నాడు. ఆ తర్వాత కేంబ్రిడ్జిలో కంప్యూటర్ సైన్స్ చదివి, 2010లో డీప్‌మైండ్ సంస్థను స్థాపించినవాళ్లలో ఒకడయ్యాడు. ప్రొటీన్ల ఆకారాన్ని ఏఐతో కనిపెట్టిన కృషికి 2024లో కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్నాడు. అతను గేమ్స్ ఆడాడు, వాటిని తయారూ చేశాడు, మధ్యలో చదువు మాత్రం వదల్లేదు. మూడింటినీ కలిపి పిల్లలకు చెప్పాలి.

ఎంతసేపు ఆడితే ఎక్కువ? గంటల లెక్క కంటే లక్షణాలు చూడటం మేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ను వ్యాధుల జాబితాలో చేర్చింది. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, మిగతా ఇష్టాలన్నింటికంటే ఆటే ముందుకు రావడం, నష్టం జరుగుతోందని తెలిసినా కొనసాగించడం: సాధారణంగా ఈ మూడూ కనీసం ఏడాది పాటు ఉండి, చదువునో ఇంటి బంధాలనో బాగా దెబ్బతీస్తే దాన్ని డిజార్డర్ అంటారు. సెలవుల్లో నాలుగు రోజులు ఎక్కువ ఆడితే అది జబ్బు కాదు. కానీ నిద్ర తగ్గితే మాత్రం ఏడాది దాకా ఆగక్కర్లేదు. మొదటి పీరియడ్‌లో ఎవరు నిద్రమత్తులో ఉన్నారో మాకు కనిపిస్తుంది. రాత్రి ఫోన్ పిల్లల గదిలో కాకుండా హాల్లో చార్జింగ్ పెట్టిస్తే సగం సమస్య తీరుతుంది.

ఒక చిన్న సంగతి. ఆన్‌లైన్ మ్యాచ్‌ను మధ్యలో ఆపడం కుదరదు. లేచి వెళ్తే జట్టంతా ఓడిపోతుంది. "ఇప్పుడే ఆపు" అని అరిచినప్పుడు పిల్లలు ఎదురు తిరగడానికి చాలాసార్లు కారణం ఇదే. "ఈ మ్యాచ్ అయ్యాక భోజనానికి రా, ఇంకొకటి మొదలుపెట్టకు" అని ముందే చెప్పండి. ఆ మాట మీద నిలబడితే మెచ్చుకోండి.

4. "సినిమాల్లో హ్యాకింగ్ అంతా ఉత్తదే"

నల్ల స్క్రీన్, పచ్చ అక్షరాలు, పది సెకన్లలో పాస్‌వర్డ్! తమ్ముడు ఇలాంటి సీన్ వస్తే పగలబడి నవ్వుతాడు. నిజ జీవితంలో మన డబ్బు పోయేది ఎక్కువగా ఫోన్ కాల్ ద్వారానో, ఒక లింక్ ద్వారానో. "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, ఓటీపీ చెప్పండి" అనే మోసానికి కోడింగ్ తెలియాల్సిన పని లేదు, మనల్ని భయపెట్టడం తెలిస్తే చాలు. ఇది ఇంట్లో తాతయ్యలకు, అమ్మమ్మలకు పిల్లలతోనే చెప్పించండి. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలని కూడా.

హ్యాకింగ్ సీన్లు ఉత్తవే అయినా సినిమా వెనకున్న కంప్యూటర్ మాత్రం నిజం. 1995లో వచ్చిన "టాయ్ స్టోరీ" పూర్తిగా కంప్యూటర్‌తో తయారైన మొదటి పూర్తి నిడివి చిత్రం. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. 80 నిమిషాల సినిమా అంటే లక్షా పదిహేను వేల ఫ్రేములు. అందులో ఒక్కో ఫ్రేమ్‌కు కంప్యూటర్లు గంటల తరబడి పని చేయాల్సి వచ్చేది. గేమ్‌కు ఒక బొమ్మకు 16 మిల్లీసెకన్లు, సినిమాకు గంటలు. ఇప్పటికీ సినిమా బొమ్మ గేమ్ బొమ్మ కంటే సహజంగా ఉండటానికి ముఖ్య కారణం ఇదే.

మన దగ్గరకే వద్దాం. 2012లో వచ్చిన "ఈగ"లో హీరో ఒక ఈగ. మాట్లాడలేని ఆ పురుగు కోపం, ప్రేమ మనకు అర్థమయ్యాయంటే దాని వెనక యానిమేషన్ కళాకారుల పని ఎంతో ఉంది. ఆ సినిమాకూ, 2015లో వచ్చిన "బాహుబలి"కీ స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ అవార్డులు వచ్చాయి. ఈగ రెక్క మీద వెలుగు ఎటు పడాలి, జలపాతం నీళ్లు ఎలా చిమ్మాలి అన్నవి ఒకవైపు కళ, మరోవైపు లెక్కలు. బొమ్మలు బాగా వేసే అమ్మాయి లెక్కలంటే భయపడుతుంటే ఈ సంగతి చెప్పండి. త్రికోణమితికీ బొమ్మకీ మధ్య గోడ లేదని తెలుస్తుంది.

ఇంటిల్లిపాదీ కలిసి చూడదగ్గవి మూడు చెబుతాను. "వార్‌గేమ్స్" (1983): గేమ్ అనుకుని ఒక కుర్రాడు మిలిటరీ కంప్యూటర్‌లోకి దూరతాడు. తెలియని వ్యవస్థలో వేలు పెడితే ఏమవుతుందో అడగడానికి మంచి సందర్భం. "హిడెన్ ఫిగర్స్" (2016): నాసాలో లెక్కలు వేసిన నల్లజాతి మహిళల నిజ జీవిత కథ. అప్పట్లో కంప్యూటర్ అనేది యంత్రం పేరు కాదు, లెక్కలు వేసే మనిషి ఉద్యోగం పేరు. ఆఫీసులోకి యంత్రం వచ్చినప్పుడు డొరొతీ వాన్ భయపడి కూర్చోలేదు. ఫోర్‌ట్రాన్ లాంగ్వేజ్ తాను నేర్చుకుని తోటి మహిళలకూ నేర్పింది. ఏఐ వచ్చి ఉద్యోగాలు పోతాయని బెంగపడే ఈ రోజుల్లో ఇది తప్పక చూడాలి. "ఆల్ఫాగో" (2017): 2016లో సియోల్‌లో గో ఆటలో లీ సెడోల్‌ను ఏఐ 4-1తో ఓడించిన మ్యాచ్ మీద డాక్యుమెంటరీ. ఓడిన మనిషి ముఖం చూస్తే పిల్లలు చాలా ప్రశ్నలు అడుగుతారు.

ఇంతకీ సీఎస్‌ఈ వేయించాలా?

గేమ్స్ ఇష్టం కాబట్టి సీఎస్‌ఈ అన్న లెక్క సరికాదు. గేమ్ చూసి ఒకరికి అందులోని బొమ్మలు నచ్చవచ్చు, ఒకరికి సంగీతం, ఒకరికి కథ, ఒకరికి లోపలి లెక్క. ఈ నలుగురివీ నాలుగు వేర్వేరు దారులు. గేమ్స్ అసలు ఆడని పిల్లలు కూడా గొప్ప ప్రోగ్రామర్లు కావచ్చు. బ్రాంచ్ పేరే అంతా నిర్ణయించదు కూడా. హైదరాబాద్‌లో పెరిగిన సత్య నాదెళ్ల మణిపాల్‌లో బ్యాచిలర్స్ చదివింది ఎలక్ట్రికల్, కంప్యూటర్ సైన్స్ ఆ తర్వాత అమెరికాలో చదివారు. అడోబీకి సారథ్యం వహించిన శంతను నారాయణ్ ఉస్మానియాలో చదివింది ఎలక్ట్రానిక్స్.

ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో నేను చూసే గుర్తులు మూడు. ప్రోగ్రామ్ పని చేయనప్పుడు విసిరేయకుండా కాసేపు దానితో కూర్చుంటారా? పని చేశాక కూడా "ఇంకా బాగా చేయొచ్చా?" అని అడుగుతారా? తాము చేసింది వేరొకరికి వివరించగలరా? ఈ మూడింటిలో మార్కుల ప్రస్తావన లేదు, గేమ్ స్కోర్ ప్రస్తావనా లేదు. ఈ గుర్తులుంటే సీఎస్‌ఈ గురించి ధైర్యంగా ఆలోచించవచ్చు. లేకపోతే కంగారు అక్కర్లేదు, ఆ ఓపిక వాళ్లు ఇంకెక్కడ చూపిస్తున్నారో గమనించండి.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

• మీ పిల్లలు ఆడే గేమ్ పక్కన కూర్చుని పావుగంట చూడండి. తిట్టకుండా ఒకే ప్రశ్న అడగండి: "ఈ ఆట రూల్స్ నువ్వు మార్చగలిగితే ఏం మారుస్తావు?"

• ఫోన్‌లో ఉన్న గేమ్స్ జాబితా రాసి, పైన చెప్పిన నాలుగు రకాల్లో ఏది ఎందులోకి వస్తుందో పిల్లలతోనే విడగొట్టించండి. వయసు గుర్తు కూడా పక్కన రాయించండి.

• ఈ నెల కరెంటు బిల్లు చేతికిచ్చి, ఆ మొత్తం ఎలా వచ్చిందో మెట్లు మెట్లుగా రాయమనండి. పెద్ద పిల్లలైతే పైథాన్‌లో, చిన్నవాళ్లయితే కాగితం మీద.

• వారంలో రెండు గంటల గేమ్ సమయంలో అరగంటను స్క్రాచ్‌కు మార్చండి. ఆ అరగంటలో తయారైనది ఆదివారం ఇంట్లో అందరి ముందు ఆడించి చూపించాలి.

• అన్నకు ఇచ్చే ల్యాప్‌టాప్ సమయమే చెల్లికీ ఇస్తున్నామా అని ఒకసారి చూసుకోండి.

పిల్లలు ఇంట్లో ఏది తయారు చేసినా, సగంలో ఆగిపోయినదైనా సరే, పెన్‌డ్రైవ్‌లో వేసి కంప్యూటర్ ల్యాబ్‌కు పంపండి. పూర్తయిన వాటికంటే సగంలో ఆగినవే మాకు ఎక్కువ ఉపయోగపడతాయి. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే నేర్పడం మొదలుపెట్టవచ్చు.